అమ్మానాన్నలతో బ్రిటిష్ మ్యూజియానికి వెళ్తున్నారా? ముందు అమరావతి గది చూపించండి

అమ్మానాన్నలు మొదటిసారి లండన్ వస్తున్నారు, అమ్మగారికి మోకాళ్ల నొప్పులు, బ్రిటిష్ మ్యూజియానికి ఒక్క రోజే కుదురుతుంది, ఏం చూపించాలి అని అడిగారు కదా. మావాళ్లు వచ్చినప్పుడు నాకూ ఇదే టెన్షన్. నేను చెప్పేది ఒకటే: లోపలికి వెళ్లగానే జనమంతా పోయే వైపు పోకండి. కాళ్లలో ఓపిక ఉండగానే 33ఏ గదికి తీసుకెళ్లండి. అక్కడున్నవి మన అమరావతి బౌద్ధ స్తూపం శిల్పాలు.

ఇది అనుభవం మీద తెలిసింది. చదువుకునే రోజుల్లో ఒక్కదాన్నే వెళ్లాను. ఒకటో నంబరు గది నుంచి వరసగా చూసుకుంటూ పోదామనుకున్నాను. ఈజిప్టు, అస్సిరియా, గ్రీసు అయ్యేసరికే మధ్యాహ్నం రెండు దాటింది. పైకెక్కి మమ్మీల దగ్గరికి చేరేసరికి కళ్లు చూస్తున్నాయి గానీ బుర్రకి ఏమీ ఎక్కడం లేదు. అక్కడ అమరావతి గది ఒకటుందని ఇంటికొచ్చాక తెలిసింది. గుంటూరు జిల్లాలో పుట్టి పెరిగినదాన్ని, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ మ్యూజియంలో దాదాపు 80 లక్షల వస్తువులున్నాయి. అందులో మనకి కనిపించేలా పెట్టినవి నూటికి ఒకటి, అంటే 80 వేల దాకా. ఆ ఒక్క వంతు కూడా ఒక రోజులో చూడలేం. అందుకే అమ్మానాన్నలతో వెళ్లినప్పుడు నాలుగే అనుకున్నాం.

ప్రవేశం ఉచితమే. అయినా వెబ్‌సైట్‌లో ముందుగా టైమ్ బుక్ చేసుకోండి. గేటు దగ్గర బ్యాగులు తనిఖీ చేస్తారు, చక్రాల సూట్‌కేసులు లోపలికి రానివ్వరు, కాబట్టి చిన్న చేతిసంచి చాలు. ఒక్కోరోజు కొన్ని గదులు మూసి ఉంటాయి. ముందు రోజు రాత్రి, ముఖ్యంగా 33ఏ కోసం, వెబ్‌సైట్ చూసుకోండి. పెద్ద గుమ్మం గ్రేట్ రస్సెల్ స్ట్రీట్ వైపు ఉంటుంది. మేము వెనకవైపు మాంటేగ్ ప్లేస్ గుమ్మం నుంచి వెళ్లాం, 33వ గది అటునుంచే దగ్గర. ఆ గది చివర్లో అద్దాల వెనక ఉంటుంది అమరావతి.

నాన్న రిటైరైన టీచర్. అమరేశ్వరుడి గుడికి వెళ్లినప్పుడల్లా స్తూపం దిన్నె దగ్గరికీ వెళ్లేవారు. గదిలోకి రాగానే ఏమీ మాట్లాడలేదు. పాలిపోయిన ఆకుపచ్చ ఛాయ ఉన్న ఒక పలకకి దగ్గరగా వెళ్లి, "ఇది మన పల్నాటి రాయేనమ్మా" అన్నారు. ఆ పలక మీద స్తూపం బొమ్మే చెక్కి ఉంది. గుమ్మం దగ్గర సింహాలు, పైన బారుగా ఐదు ఆయక స్తంభాలు, అంటే స్తూపం గుమ్మానికి ఎదురుగా అరుగు మీద నిలబెట్టే రాతి స్తంభాలు. వేలు గాల్లో ఆడిస్తూ ఒకటి, రెండు అని ఐదూ లెక్కపెట్టారు. "ఇన్నేళ్లూ దిన్నె మీద గడ్డే చూశాను, పైన ఇంత ఉండేదా" అన్నారు. అక్కడే ఒక పలకకి రెండు వైపులా శిల్పం ఉంటుంది, తప్పకుండా చూపించండి. ఒకవైపు క్రీస్తుపూర్వం చెక్కింది: బోధివృక్షం, ఖాళీ ఆసనం, దండం పెడుతున్న జనం. బుద్ధుడి రూపం ఉండదు. కొన్ని వందల ఏళ్ల తర్వాత అదే రాయిని తిప్పి, వెనకవైపు బుద్ధుడితో సహా స్తూపాన్ని చెక్కారు.

అమ్మకి ఇవన్నీ అంతగా పట్టలేదు. చక్రాలు చెక్కిన బుద్ధపాదాల ముందు మాత్రం చెప్పులు విడిచి దండం పెట్టుకుంది.

ఇవి అక్కడికెలా వెళ్లాయని మీ నాన్నగారు కచ్చితంగా అడుగుతారు, తెలుసుకుని వెళ్లండి. ఊళ్లోవాళ్లు దీపాలదిన్నె అనే ఆ దిబ్బలోంచి రాళ్లూ ఇటుకలూ కట్టడాలకి తరలిపోతున్న రోజుల్లో ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ దాన్ని చూశాడు. 1816లో మళ్లీ వచ్చి బొమ్మలు గీయించాడు. 1845లో మద్రాసు ప్రభుత్వంలో పనిచేసే ఇంగ్లీషు అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి శిల్పాలను మద్రాసు పంపాడు. వాటిలో చాలా భాగం 1859లో ఓడెక్కింది, 1880లో బ్రిటిష్ మ్యూజియం చేతికొచ్చింది. అక్కడ 120కి పైగా ఉన్నాయి. మనవాళ్లు చెక్కినవి అంత భద్రంగా ఉన్నాయని సంతోషం, మన దగ్గర లేవని బాధ, రెండూ ఒకేసారి కలిగాయి నాకు.

అక్కడి నుంచి మ్యూజియం మధ్యలో అద్దాల పైకప్పు ఉన్న గ్రేట్ కోర్ట్‌కి నడవండి. దారిలో 24వ గదిలో ఈస్టర్ దీవి రాతివిగ్రహం కనిపిస్తుంది. ఈజిప్టు బొమ్మల లిపిని చదవడానికి దారిచూపిన రొసెట్టా శిల 4వ గదిలో ఉంటుంది, దాని చుట్టూ ఎప్పుడూ గుంపే. ఒక్క చూపు చూసి, ఒకటో గదిలో ఉన్న దాని నకలు దగ్గరికి వెళ్లండి. దాన్ని చేత్తో తడిమి చూడొచ్చు. తర్వాత 10వ గదిలో అస్సిరియా రాజు అషుర్‌బనిపాల్ సింహాల వేట. బాణాలు దిగి వెనక కాళ్లు పడిపోయినా ముందు కాళ్ల మీద లేవబోతున్న ఆడసింహం ఉంటుంది. అమ్మ దాని ముందు కూర్చుని చాలాసేపు లేవలేదు. రెండున్నర వేల ఏళ్లు దాటిన రాయి అంటే నమ్మలేదు.

కూర్చోవడానికి మడత స్టూళ్లు ఇస్తారు, చక్రాల కుర్చీ కూడా దొరుకుతుంది. మొహమాటపడకుండా మొదట్లోనే అడగండి. మధ్యాహ్నానికి పులిహోర కట్టుకెళ్లాం. ఐదు నిమిషాల నడకలో రస్సెల్ స్క్వేర్ పార్కు ఉంది, అక్కడ తిని గంటసేపు కూర్చున్నాం. వంటకి వీలుకాకపోతే యూస్టన్ దగ్గర డ్రమండ్ స్ట్రీట్‌లో దోసెలు దొరుకుతాయి. శుక్రవారం కుదిరితే ఇంకా మంచిది, రాత్రి 8.30 దాకా తెరిచి ఉంటుంది, సాయంత్రం కాస్త నెమ్మదిగా చూడొచ్చు.

మీవాళ్లు ఉండేది గుంటూరు, విజయవాడ వైపయితే, బయల్దేరేముందు ఒక పూట అమరావతి వెళ్లి దిన్నె చుట్టూ తిరిగి, అక్కడి మ్యూజియం కూడా చూసి రమ్మనండి. స్తూపం చుట్టుకొలత కాళ్లకి తెలిసుంటే, ఇక్కడ ఒక్కో పలకా ఎక్కడ ఉండేదో ఊహించుకోవడం తేలిక.