రగ్బీని నమ్ముకుని బతకవచ్చా?

ప్రశ్న: మా అబ్బాయికి 17 ఏళ్ళు. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. సంక్రాంతికి ఊళ్ళో పెట్టే కబడ్డీ పోటీల్లో పట్టుకు మంచి పేరు తెచ్చుకున్నాడు. టీవీలో రగ్బీ లీగ్ పోటీలు చూసినప్పటి నుంచి అదే తన వృత్తి అంటున్నాడు. మనిషి 78 కిలోలుంటాడు. ఈ ఆటను నమ్ముకుని బతకవచ్చా? ఎక్కడ మొదలుపెట్టాలి? ఎన్నేళ్ళు ఆడగలడు?
– ఒక తండ్రి, ఆమదాలవలస

జవాబు: మీ అబ్బాయి చూసినది 2025 జూన్‌లో ముంబయిలో మొదటిసారి జరిగిన రగ్బీ ప్రీమియర్ లీగ్ అయి ఉంటుంది. ఆరు జట్లు ఆడాయి, హైదరాబాద్ హీరోస్ వాటిలో ఒకటి. ఆ లీగ్‌ను వెనకుండి నడిపించిన జీఎంఆర్ సంస్థ మన రాజాంలో పుట్టిన గ్రంధి మల్లికార్జునరావు గారిది కావడం వల్ల ఈ ప్రాంతపు కుర్రాళ్ళకు దానిమీద మరింత మమకారం కలిగి ఉండవచ్చు. అయితే అక్కడ ఆడింది జట్టుకు ఏడుగురు ఆడే ఆట. 2016 నుంచి ఒలింపిక్స్‌లో ఉన్నది కూడా ఇదే. విదేశాల్లో జీతాలిచ్చే క్లబ్బుల వ్యవస్థ ప్రధానంగా జట్టుకు పదిహేను మంది, 80 నిమిషాలు ఆడే రగ్బీ యూనియన్ చుట్టూ అల్లుకుని ఉంది. ఈ తేడా తెలియకుండా తీసుకునే నిర్ణయం ఏదైనా తప్పుదారి పడుతుంది.

ఆ వృత్తి వయసు కూడా చిన్నదే. ఇంగ్లండ్ ఉత్తర ప్రాంతంలో గనుల్లో, మిల్లుల్లో పనిచేసే ఆటగాళ్ళు ఆట కోసం పోగొట్టుకున్న కూలిని తిరిగి చెల్లించాలా వద్దా అన్న తగవుతో 1895లో రగ్బీ రెండుగా చీలింది. చెల్లించాలన్న పక్షం రగ్బీ లీగ్ అనే వేరే ఆట అయింది, మీ అబ్బాయి చూసిన ప్రీమియర్ లీగ్‌తో దానికి సంబంధం లేదు. రగ్బీ యూనియన్ మాత్రం ఆడినందుకు డబ్బు తీసుకోవడాన్ని మరో వందేళ్ళు నిషేధించి, 1995 ఆగస్టులో ఆ నిబంధనను ఎత్తివేసింది. అంటే ఆటే జీవనాధారమైన యూనియన్ ఆటగాళ్ళు పుట్టుకొచ్చి ముప్పై ఏళ్ళు దాటిందంతే.

ఇంగ్లండ్‌లో పెద్ద క్లబ్బులు బడి వయసులోనే పిల్లలను తమ అకాడమీల్లో చేర్చుకుని, 18 ఏళ్ళు వచ్చేసరికి కొందరితో ఒప్పందం చేసుకుని, ఆట ముదరడానికి వారిని చిన్న క్లబ్బులకు పంపుతాయి. న్యూజిలాండ్‌లో బడి జట్టు, ప్రాంతీయ జట్టు, సూపర్ రగ్బీ అనే పెద్ద లీగ్, ఆ పైన దేశపు జట్టు ఆల్ బ్లాక్స్ అనే మెట్లున్నాయి. ఫ్రాన్స్‌లో పై మెట్టు లీగ్ టాప్ 14, దాని కింద ప్రో డి2 ఉన్నాయి. జపాన్‌లో కంపెనీలే జట్లను పోషించే సంప్రదాయం ఉంది. ఎక్కడైనా ఒప్పందాలు రెండు మూడేళ్ళకు మించడం అరుదు. 2022లో వుస్టర్ వారియర్స్, వాస్ప్స్ అనే ప్రసిద్ధ ఇంగ్లిష్ క్లబ్బులు అప్పుల్లో కూరుకుపోయాయి, మరుసటి ఏడాది లండన్ ఐరిష్‌కూ అదే గతి పట్టింది. జాతీయ జట్టుకు ఆడినవారు సైతం రాత్రికి రాత్రి జీతం లేకుండా మిగిలారు. ఇక ఆ దేశాల్లో మీ అబ్బాయి వయసు కుర్రాడు అప్పటికే పదేళ్ళుగా బంతి పట్టి ఉంటాడు. ఇది మీ వాణ్ణి నిరుత్సాహపరచడానికి రాయడం లేదు, పోటీ ఎవరితోనో మీకు తెలియాలని రాస్తున్నాను.

బరువు గురించి దిగులు వద్దు. రెండు జట్లవాళ్ళు వంగి భుజాలు ఆనించి తోసుకునే స్క్రమ్‌లో ముందు వరుసలో తలపడే ప్రాప్‌లు 115, 120 కిలోలుంటారు కనుక ఆ స్థానం మీ వాడిది కాదు. కానీ దక్షిణాఫ్రికాకు 2019, 2023 ప్రపంచ కప్పులు గెలిచిన జట్లలో మైదానం అంచున పరుగెత్తే వింగ్ స్థానంలో ఆడిన చెస్లిన్ కోల్బీ సుమారు అయిదడుగుల ఏడంగుళాల మనిషి. వేగం, మలుపు, జారిపోని పట్టు ఉన్నవారికి ఈ ఆటలో చోటుంది.

మన దేశంలో పదిహేను మంది ఆటకు ఏడాది పొడవునా జీతమిచ్చే వ్యవస్థ లేదు. ఇక్కడ ఆట నేరుగా అన్నం పెట్టదు, అన్నం పెట్టే ఉద్యోగానికి దారి చూపవచ్చు. కేంద్ర ప్రభుత్వం 2020లో క్రీడల కోటా జాబితాను 43 నుంచి 63 క్రీడలకు పెంచినప్పుడు రగ్బీని అందులో చేర్చింది. దేశంలోని బలమైన జట్లలో సైన్యం జట్టు ఒకటి. ఇంటికొకరు సైన్యంలో ఉన్న ఊళ్ళు మన జిల్లాలో ఉన్నాయి కాబట్టి ఈ మాట విలువ మీకు వేరే చెప్పనక్కరలేదు. అందుచేత ఇంటర్ పూర్తిచేయించి డిగ్రీలో చేర్పించండి. భువనేశ్వర్‌లో జరిగిన మొదటి ఖేలో ఇండియా విశ్వవిద్యాలయ క్రీడల్లోనే రగ్బీ ఉంది, ఆ మెట్టు ఎక్కాలన్నా విద్యార్థి అయి ఉండాలి.

మీరు అడగని ప్రశ్న ఒకటుంది, తలకు తగిలే దెబ్బల మాటేమిటని. తండ్రిగా ముందు అడగవలసింది అదే. 2003లో ప్రపంచ కప్పు గెలిచిన ఇంగ్లండ్ జట్టులో హుకర్‌గా, అంటే స్క్రమ్ ముందు వరుస మధ్యలో, ఆడిన స్టీవ్ థాంప్సన్‌కు నలభై దాటిన కొద్దికాలానికే మతిమరుపు వ్యాధి ఉన్నట్టు తేలింది. ఆ ఫైనల్ ఆడిన సంగతే తనకు గుర్తు లేదని ఆయన 2020లో చెప్పారు. ఇప్పుడు పెద్ద పోటీల్లో తలకు దెబ్బ తగిలిందన్న అనుమానం వస్తే ఆటగాణ్ణి 12 నిమిషాలు బయటకు పిలిచి వైద్యుడు పరీక్షిస్తాడు. మన ఊరి మైదానంలో ఆ వైద్యుడు ఉండడు కనుక పట్టు నేర్పే తీరులోనే జాగ్రత్త ఉండాలి. నాగావళి ఇసుకలో ఊక నింపిన గోనెసంచిని వేలాడదీసి నేను కుర్రాళ్ళకు పట్టు నేర్పేవాణ్ణి. కబడ్డీ నుంచి వచ్చినవాడు చీలమండ అందుకునే అలవాటుకొద్దీ తలను ముందుకు దూర్చేస్తాడు. రగ్బీలో బంతితో పరుగెత్తేవాణ్ణి పక్కనుంచి పట్టేటప్పుడు తల అతని నడుము వెనక ఉండాలి. తొడల ముందుకు వచ్చిందా, మోకాలు తిన్నగా కణతకు తగులుతుంది. చేతులు చుట్టకుండా భుజంతో గుద్దినా, భుజాలకు పైన పట్టినా తప్పే. ఈ పాఠం ఒంటబట్టేదాకా మీ వాణ్ణి పోటీలో దించవద్దు. ఎన్నేళ్ళు ఆడగలడన్నారు: గాయాలు కరుణిస్తే ముప్పై రెండు, ముప్పై మూడు దాకా. చాలామంది అంతకు ముందే విరమిస్తారు.

మీ మండలంలోని ఊసవానిపేటలో బరువులెత్తే పాక ఉండబట్టే కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో కాంస్యం దాకా వెళ్ళగలిగారు. రగ్బీకి మీ ఊళ్ళో అలాంటి పాక ఇంకా లేదు. ఒక్కడు నేర్చుకునే ఆట కూడా కాదిది. కబడ్డీ ఆడే కుర్రాళ్ళలో మరో పదమూడు మందిని పోగుచేయమనండి, ఏడుగురేసి రెండు జట్లవుతాయి.

ప్రశ్న: నేను డిగ్రీ చదువుతున్న అమ్మాయిని. రగ్బీలో మాకు అవకాశం ఉందా?
– ఒక విద్యార్థిని, బొబ్బిలి

జవాబు: ఉంది, నా అంచనాలో అబ్బాయిలకన్నా దగ్గరగానే ఉంది. పదిహేను మంది ఆటలో భారత మహిళల జట్టు 2019 జూన్‌లో మనీలాలో సింగపూర్‌ను 21-19తో ఓడించి తొలి అంతర్జాతీయ విజయం సాధించింది. చివర్లో గెలిపించిన పెనాల్టీ కొట్టిన సుమిత్రా నాయక్ ఒడిశా అమ్మాయి. భువనేశ్వర్‌లో గిరిజన పిల్లలకు చదువు చెప్పే కళింగ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌లో ఆట నేర్చుకున్నారు. ఆ ఊరు మీకు విజయవాడకన్నా దూరమేమీ కాదు. మీ కళాశాల ఫిజికల్ డైరెక్టరు గారిని వెంటబెట్టుకుని, పరీక్షలు లేని నెలలో ఒకసారి వెళ్ళి వారి సాధన చూసి రండి. వెళ్ళేముందు ఉత్తరం రాసి అనుమతి తీసుకోండి.