పయోగ్లిటాజోన్ వల్ల క్యాన్సర్ వస్తుందా అన్నది రికార్డులు చూసి ఎలా తేలుస్తారు?

షుగర్ ఉన్న మీ నాన్నగారికి పయోగ్లిటాజోన్ రాశారని, దానితో మూత్రాశయ క్యాన్సర్ వస్తుందని ఎవరో భయపెట్టారని, ఇలాంటివి రోగుల రికార్డులు చూసి ఎలా తేలుస్తారని అడిగారు. నేను ఫార్మ్‌ డి (మందుల గురించిన డాక్టరేట్ కోర్సు) చదివి, హన్మకొండలోని ఒక ఆస్పత్రిలో కేస్‌షీట్ల నుంచి మందుల వివరాలు ఎక్కించే పనిలో ఉన్నాను కాబట్టి తెలిసినంత మేరకు రాస్తున్నాను.

మందు అమ్మకానికి రాకముందు జరిపే ట్రయల్స్‌లో ఉండేది కొన్ని వేల మందే కాబట్టి, ఏళ్ల తరబడి వాడిన తర్వాత ఎక్కడో ఒకరికి వచ్చే క్యాన్సర్ అక్కడ బయటపడదు. దానికి లక్షల మంది రికార్డులు కావాలి. ఫ్రాన్స్ 2011లో ఈ మందును నిలిపివేసింది జాతీయ ఆరోగ్య బీమా లెక్కలను చూసే. కానీ ఎవరు పొగ తాగుతారన్నది ఆ లెక్కల్లో లేదు, ఈ క్యాన్సర్‌కు పెద్ద కారణమేమో పొగే. అమెరికాలో కైజర్ పర్మనెంటే అనే ఆరోగ్య సంస్థ రికార్డుల నుంచి దాదాపు 1,93,000 మంది షుగర్ రోగులను గమనించిన అధ్యయనం, రెండేళ్లకు మించి వాడినవారికి ముప్పు కొంత ఎక్కువని 2011లో చెప్పి, 2015లో పూర్తి ఫలితాలు వచ్చేసరికి చెప్పుకోదగ్గ తేడా లేదంది. 2016లో బ్రిటన్ రికార్డులు మళ్లీ ముప్పు ఉందనే చూపించాయి. మన దేశంలో 2013 జూన్‌లో ఆపి, జూలైలోనే హెచ్చరికతో తిరిగి అనుమతించారు.

ఇన్ని రకాల జవాబులు ఎందుకంటే, ఏ డాక్టరూ లాటరీలా చీటీలు తీసి ఎవరికి ఏ మందో తేల్చరు. షుగర్‌కు సాధారణంగా మొదట రాసే మెట్‌ఫార్మిన్‌తో అదుపులోకి రానివారికే తరచుగా ఇది కలుపుతారు. వారి జబ్బు ముదిరినది, మూత్ర పరీక్షలూ వారికే ఎక్కువగా జరుగుతాయి, దాంతో దాగి ఉన్న గడ్డలు కూడా వారిలోనే ముందు దొరుకుతాయి. అందుకే ఏ అధ్యయనం చదివినా నేను మొదట చూసేది వీరిని ఎవరితో పోల్చారన్నదే. అదే దశలో మరో రెండో మందు మొదలుపెట్టినవారితో పోలిస్తేనే ఆ అంకెకు విలువ ఉంటుంది.

మన దగ్గరి రికార్డులతో ఆ పని ఇంకా కష్టం. పరకాల వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన కేస్‌షీట్‌లో ‘అలవాట్లు: లేవు’ అని ఉంది, చొక్కా జేబులో మాత్రం బీడీల కట్ట కనిపిస్తూనే ఉంది. మందుల గడిలో ‘షుగర్ గోళీలు’ అని రాసి వదిలేశారు. ఆయన కవర్‌లోని స్ట్రిప్ ముక్కల మీద పేరున్న వైపు ఎప్పుడో కత్తిరించి ఉంది. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చినవైతే ఏ కాగితం మీదా ఉండవు. ఆరోగ్యశ్రీ వివరాలు కొంత నయమే గానీ, అవి ప్రధానంగా ఆస్పత్రిలో చేరి చేయించుకున్న చికిత్సలవి, రోజూ మింగే గోళీలవి కావు.

మీ నాన్నగారి చేత మందు మీ అంతట మీరు మాన్పించకండి. ఆయనకు గతంలో మూత్రాశయ క్యాన్సర్ ఉన్నా, మూత్రంలో రక్తం కనిపించినా, గుండె బలహీనత ఉన్నా, బీడీ, సిగరెట్ అలవాటు ఉన్నా డాక్టరుకు విడమరిచి చెప్పండి. ఏ మందుతోనైనా ఇబ్బంది వస్తే రోగులు కూడా మందుల దుష్ప్రభావాలను నమోదు చేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 1800-180-3024కు ఫోన్ చేసి నమోదు చేయించవచ్చు. అప్పుడు స్ట్రిప్ మీది పేరు, బ్యాచ్ నంబరు దగ్గర పెట్టుకోండి.