క్రోమోజోములు ఎక్కువైతే ఆయిస్టర్ ఎక్కువ పెరుగుతుందా?

మూడు సెట్ల క్రోమోజోములున్న ఆయిస్టర్లు (తినడానికి పెంచే సముద్రపు చిప్ప జీవులు) త్వరగా పెరుగుతాయి కదా, నాలుగు సెట్లుంటే ఇంకా పెద్దవవుతాయా అని అడిగారు. అవ్వవు. షెల్‌ఫిష్ హేచరీ ల్యాబ్‌లో పనిచేశాను కాబట్టి చూసింది చెబుతాను.

పసిఫిక్ ఆయిస్టర్‌కి మామూలుగా రెండు సెట్లు, అంటే 20 క్రోమోజోములు. మూడు సెట్లున్న ట్రిప్లాయిడ్‌కి 30, నాలుగు సెట్లున్న టెట్రాప్లాయిడ్‌కి 40. ట్రిప్లాయిడ్ ఏపుగా పెరగడానికి ముఖ్య కారణం దానికి సంతానం దాదాపు కలగకపోవడమే. మూడు సెట్లు జతలుగా సర్దుకోలేవు, అందుకని గుడ్లు, వీర్యకణాలు సరిగా తయారవవు. మామూలు ఆయిస్టర్ అలా కాదు. ఎండలు ముదిరేసరికి ఒంట్లో శక్తి కోసం దాచుకున్న గ్లైకోజన్ అనే పిండిపదార్థం అంతా గుడ్లకో వీర్యానికో ఖర్చు పెట్టేస్తుంది. గుడ్లు వదిలేశాక చిప్ప తెరిస్తే లోపలి కండ పలచబడి, నీరు కారుతూ, అడుగున ఉన్నది కనిపించేంతగా ఉంటుంది. అదే వయసు ట్రిప్లాయిడ్‌ని పక్కన తెరిచి పెట్టండి, మీగడ రంగులో నిండుగా ఉంటుంది. కణాల సైజు పెద్దది కావడం కూడా కొంత తోడవుతుందని చెబుతారు. నేను మాత్రం ఈ ఖర్చు మిగలడానికే పెద్దపీట వేస్తాను.

టెట్రాప్లాయిడ్లను పెంచేది సైజు కోసం కాదు, విత్తనం కోసం. 1990లలో అమెరికాలోని రట్‌గర్స్ యూనివర్సిటీలో షిమింగ్ గువో, స్టాండిష్ అలెన్ వీటిని సాధించారు. టెట్రాప్లాయిడ్ మగదాన్ని మామూలు ఆడదానితో కలిపితే పిల్లలన్నీ ట్రిప్లాయిడ్లే.

నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించేది మామూలు ఆయిస్టర్ కణాల్లో క్రోమోజోములు తగ్గడం. మొప్ప ముక్కకి కాల్చిసిన్ (కణ విభజనను మధ్యలో ఆపే మందు) పట్టించి, రంగు వేసి మైక్రోస్కోప్ కింద పెడితే క్రోమోజోములు ఊదా రంగు పుల్లల్లా కనిపిస్తాయి. రెండు ఒకదానిమీద ఒకటి పడితే ఒకటే అనిపిస్తుంది, అందుకే మళ్లీ మళ్లీ లెక్కపెట్టాలి. అంత జాగ్రత్త పడ్డా కొన్ని కణాల్లో 20కి బదులు 19, 18 మాత్రమే ఉంటాయి. ఒకే ఈడు పిల్లల్లో నెమ్మదిగా పెరిగేవాటిలో ఇలాంటి కణాలు ఎక్కువని ఫ్రాన్స్ పరిశోధకులు గమనించారు. ఇదే కారణమని దీన్నిబట్టి తేల్చలేం కానీ, సంబంధం మాత్రం స్పష్టం.

మీరు సీడ్ (పెంచడానికి వేసే ఆయిస్టర్ పిల్లలు) కొనే ఆలోచనలో ఉంటే, అది గుడ్లకి మందు పెట్టి చేసిన ట్రిప్లాయిడా, టెట్రాప్లాయిడ్ మగదానితో పుట్టిందా అని ముందే అడగండి. మందుతో చేసినదాంట్లో మామూలువి కలిసిపోతుంటాయి. కణాల్లో డీఎన్ఏ ఎంతుందో కొలిచి ఎన్ని సెట్లున్నాయో చెప్పే ఫ్లో సైటోమెట్రీ రిపోర్ట్ కూడా తీసుకోండి. నీళ్లలో మేత తక్కువున్న చోట ట్రిప్లాయిడ్ ఆధిక్యం బాగా తగ్గిపోతుంది, కాబట్టి మొదట కొద్దిగా వేసి చూడటం మేలు.