ఘర్‌ను ఘరు చేయకు

బేటీకి రామ్ రామ్.

నీ కథ అందింది. మొదట మనసులో చదువుకున్నాను. తర్వాత ఇంట్లో ఎవరూ లేని మధ్యాహ్నం గొంతెత్తి చదివాను. పెళ్లికూతురు తల్లి మెడ పట్టుకుని, అప్పగింతల వేళ ఏడుస్తూ పాడే ఢావ్లో అందుకునే చోట నాకు మాట రాలేదు. కథ గురించి ఇంతకంటే చెప్పను. ఉత్తరం చివర నువ్వు అడిగిన ప్రశ్న నన్ను నాలుగు రోజులుగా వదలడం లేదు. మన లంబాడీల భాష గోర్ బోలికి సొంత లిపి లేదు కదా, తెలుగు అక్షరాల్లో రాస్తే అది మన భాషే అవుతుందా అని అడిగావు.

అవుతుంది. మహారాష్ట్ర తాండాలవాళ్లు దేవనాగరిలో రాస్తున్నారు, కర్ణాటకవాళ్లు కన్నడంలో రాస్తున్నారు, మనం తెలుగులో రాస్తున్నాం. కేతావత్ సోమ్‌లాల్ గారు భగవద్గీత మొత్తాన్ని మన భాషలోకి తెచ్చింది తెలుగు లిపిలోనే. ఆయనకు 2024లో పద్మశ్రీ ప్రకటించారు. సంతాలీ మాట్లాడే ఆదివాసులకు రఘునాథ్ ముర్ము 1925లో ఓల్ చికి లిపిని రూపొందించి ఇచ్చారు. గోండులకు ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో దొరికిన లిపి ఉంది. మనకూ అలాంటిదొకటి కావాలనేవాళ్ల మీద నాకు గౌరవమే. కానీ లిపి వచ్చాక రాద్దామని నువ్వు ఆగితే, ఢావ్లో మొదటి నుంచి చివరి దాకా తెలిసిన మన ముసలమ్మలు నీ కోసం ఆగరు.

నీ కథలో నన్ను బాధపెట్టింది లిపి కాదు, అక్షరక్రమం. మొదటి పుటలో యాడి, మూడో పుటలో యాడీ, చివరికి యాడ్డి. కన్నతల్లి పేరు పుటకొక తీరుగా మారిపోతే ఎలా? ఏదో ఒకటి ఎంచుకుని చివరిదాకా దానికి కట్టుబడు.

ఇంకా పెద్ద తప్పు నేనూ చేశాను, విను. నా తొలి కథ అచ్చయిన రోజు పత్రిక పట్టుకుని తాండాకు పరుగెత్తాను. మా యాడికి చదవడం రాదు, నేనే చదివి వినిపించాను. కాసేపు విని, "ఇందులో మాట్లాడేది మనవాళ్లు కాదు, సంతలో షావుకారు మన మాట మాట్లాడుతున్నట్టుంది" అంది. రాత్రంతా ఆలోచిస్తే తెలిసింది. ఘర్ అని ఉండాల్సిన చోట ఘరు అని, నామ్ ఉండాల్సిన చోట నాము అని రాశాను. బస్‌ను బస్సు, కార్‌ను కారు చేసుకోవడం తెలుగుకు అందం. ఆ ఉకారాన్ని మన మాటకు తగిలిస్తే మాట కొస విరిగిపోతుంది. అందుకే పొల్లు పెట్టడానికి వెనుకాడకు. పుటనిండా పొల్లులు కనిపించినా సరే.

నీళ్లను నువ్వు పాని అని రాశావు. అది హిందీ సినిమాల్లో విన్నది. మీ ఇంట్లో దాహం వేస్తే అడిగేది పాణి. నలుపు కాళో, అక్కడ ళకారమే పలుకుతుంది, లకారం కాదు. బడిలో విసుగ్గా దిద్దిన ఒత్తు అక్షరాలు, ఘ, ఛ, ఢ, మన నోట్లో రోజూ పలికేవే. ముక్కుతో పలికే అచ్చులకు తెలుగువాళ్లు దాదాపు వదిలేసిన అరసున్న ఉంది, దాన్ని తెచ్చుకో. నిండు సున్న పెడితే చదివేవాడు మకారమో నకారమో పలికేస్తాడు.

ఇంత చాదస్తం ఎందుకంటావేమో. మహారాష్ట్రలో యవత్మాల్ వైపు తాండాలో మనవాళ్లకు నీ తెలుగు అక్షరం తెలియదు. ఫోనులో నీ కథ చదివి వినిపిస్తే మాత్రం మాట పట్టుకుంటారు. తెలుగు అక్షరాలకూ దేవనాగరికీ వరుస దాదాపు ఒకటే. మన ళకారం మరాఠీలోనూ ఉంది, మన అరసున్నకు జవాబుగా దేవనాగరిలో చంద్రబిందువు ఉంది. ఒక ధ్వనికి ఒకే అక్షరం అన్న నియమంతో నువ్వు రాస్తే, ఆ కథను కంప్యూటర్ సైతం చాలావరకు దేవనాగరిలోకి, కన్నడంలోకి మార్చగలదు. యాడిని మూడు రకాలుగా రాస్తే ఏ యంత్రమూ ఏమీ చేయలేదు. రాష్ట్రాలు దాటి మూడు లిపుల్లో చెదిరిపోయినవాళ్లం మనం. ఒకరి పుస్తకం ఒకరికి చేరే దారి నీ అక్షరక్రమంలోనే ఉందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

మరొక మాట. లదేణి, ఫేటియా, కారోభారి అన్న ప్రతి మాట పక్కనా కుండలీకరణం పెట్టి తెలుగు అర్థం ఇచ్చావు. తీసేయి. ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు వేసుకుని ఊరూరా తిరిగిన సంగతి చెబుతున్నప్పుడు లదేణి అంటే ఏమిటో పాఠకుడికి తెలిసిపోతుంది. తాండా కథలను తెలుగులో రాసిన రమేశ్ కార్తీక్ నాయక్‌కు 2024లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. తెలుగు పాఠకుడు మన గుమ్మం దాకా రావడానికి సిద్ధంగానే ఉన్నాడు, చేయి పట్టి నడిపించనక్కరలేదు.

2011 జనగణనలో లంబాడీని మాతృభాషగా చెప్పుకున్నవాళ్లు 32 లక్షలకు పైనే. ఆ లెక్కను హిందీ కింద వేశారు. ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో మనది లేదు. ఆ పోరాటం చేసేవాళ్లు చేస్తున్నారు, చేయాలి. వాళ్ల చేతికి చూపించడానికి పుస్తకాలు కావాలి, అవి నీ వయసువాళ్లే రాయాలి.

తీజ్‌కు ఇంటికి వెళ్తావు కదా. గోధుమ మొలకల బుట్టల చుట్టూ పాడే పాటలను ఫోనులో రికార్డు చేయి. అక్కడికక్కడ రాయకు, ముందు వదలకుండా విను. ఆ తర్వాత కథలోని ఢావ్లోను మీ నాయనమ్మకు చదివి వినిపించు. ఎక్కడ ఆమె నవ్వుతుందో, ఎక్కడ సరిదిద్దుతుందో గుర్తు పెట్టుకుని ఆ పుట తిరగరాసి పంపు. నీ ప్రతిలో నేను ఎర్రసిరాతో గీసిన ఘరులు పదకొండు ఉన్నాయి, దాన్ని ఈ ఉత్తరంతోనే తిప్పి పంపుతున్నాను.