సందేహాలు – సమాధానాలు: ‘దాత’ ఆడవాళ్లకు చెల్లదా?

ప్రశ్న: ఆగస్టు 9, ఆదివాసి దినోత్సవానికి బంజారాహిల్స్‌లోని కుమురం భీం ఆదివాసి భవన్‌లో సభ పెడుతున్నాం. ఊళ్లను బాగుచేసిన మన ఆదివాసి ఆడవాళ్లతో పాటు అమెరికాలోని చెరోకీ అనే ఆదివాసి తెగ నాయకురాలు విల్మా మాన్‌కిల్లర్ గురించీ మాట్లాడతారు. ఫ్లెక్సీ మీద ‘ఆదివాసీ మహిళా దాతలు’ అని రాయిస్తే, ‘దాత’ పుంలింగం, ‘దాత్రులు’ అనాలి అని ఒక పెద్దాయన పట్టుబట్టారు. ఏది ఒప్పు?
– ఒక పాఠకురాలు, తార్నాక

జవాబు: సంస్కృతంలో ‘దాత్రి’ ఉంది, పెద్దాయన తప్పు చెప్పలేదు. కానీ తెలుగులో అది నిలవలేదు. మీ వీధి గుడిలో తలెత్తి చూడండి, ఫ్యాను రెక్క మీద ‘దాత: శ్రీమతి ఫలానా’ అని రంగుతో రాసి ఉంటుంది. దాత, నేత, వక్త మనకు ఇద్దరికీ ఒకటే. పైగా ‘దాత్రము’ అంటే కొడవలి. ఎందుకొచ్చిన టెన్షన్!

‘ఆదివాసీ’కి దీర్ఘం అక్కర్లేదు. ‘మహిళా సంఘం’ చూసి పెడుతున్నారేమో గానీ, ఇది ‘విద్యార్థి సంఘం’ దారిలో నడిచే మాట. అయినా ఫ్లెక్సీ మార్చేంత తప్పు కాదు.

మార్చాల్సింది ‘దాతలు’. వ్యాకరణం కోసం కాదు, అర్థం కోసం. దాత అనగానే కింద చెయ్యి చాపిన మనిషి కూడా కనిపిస్తాడు. మాన్‌కిల్లర్ చేసింది అది కాదు. (ఆ ఇంటిపేరు చూసి జడుసుకోకండి. మన ‘దళవాయి’లాగే అదీ ఒకనాటి సైనిక హోదా.) 1980ల మొదట్లో ఓక్లహోమాలోని బెల్ అనే ఊళ్లో చాలా ఇళ్లకు కుళాయి లేదు. డబ్బు బయటి నుంచి తెచ్చారు. పాతిక కిలోమీటర్లు గొట్టాలు వేసింది మాత్రం ఊరివాళ్లే, ఆడా మగా కలిసి. ఆమె వాళ్లను కూడగట్టింది, అంతే. 1985లో చెరోకీ నేషన్‌కు మొదటి మహిళా ప్రధానాధిపతి అయింది.

దీనికి మన పల్లెల్లో ‘తలా ఒక చెయ్యి వేశారు’ అంటాం. ఊరంతా చందా వేసుకుని బోరు వేయిస్తే ఎవరినీ దాత అనం కదా? అందుకే ‘ఊరిని కూడగట్టిన ఆదివాసి మహిళలు’ అని రాయించండి. ‘మహిళా నాయకురాళ్లు’ అని మాత్రం వద్దు. ‘రాలు’లోనే ఆడమనిషి ఉంది, పల్నాటి నాగమ్మను ఒట్టి ‘నాయకురాలు’ అనే అన్నాం.

సభకు టిఫిన్లు పెట్టించేవాళ్లుంటే వాళ్ల పేర్ల పక్కన ‘దాత’ వేయండి, ఆడవాళ్లయినా సరే.