కరంచంద్ క్యారెట్ ఏ రంగు?

ప్రశ్న (మారతహళ్ళి నుంచి ఒక పాఠకుడు): చిన్నప్పుడు దూరదర్శన్‌లో ఒక డిటెక్టివ్ ఎప్పుడు చూసినా క్యారెట్ నములుతూ ఉండేవాడు. మా ఆఫీసులో కుర్రాళ్ళకి చెప్తే నవ్వుతున్నారు, పేరేమో నాకు గుర్తు రావట్లేదు. నిజంగా అలాంటి సీరియల్ ఉండేదా, లేక నేనే కలగన్నానా? మీరూ బెంగళూరులోనే పెరిగారు కదా, చూసే ఉంటారు.

జవాబు: ఉండేదండీ, మీరేం కలగనలేదు. దాని పేరు కరంచంద్, 1985లో వచ్చింది, పంకజ్ పరాశర్ తీశాడు, డిటెక్టివ్‌గా పంకజ్ కపూర్, అసిస్టెంట్ కిట్టీగా సుస్మితా ముఖర్జీ. ఆయనకి నల్లకళ్ళద్దాలు, చేతిలో క్యారెట్, కిట్టీ ఏదో ఒకటి వాగడం, ఆయన "షటప్ కిట్టీ" అనడం, అంతే, మర్నాడు స్కూల్లో ఎవడు నోరు తెరిచినా వాడికి షటప్ కిట్టీయే. మీ కుర్రాళ్ళకి షాహిద్ కపూర్ వాళ్ళ నాన్న అని చెప్పండి, వెంటనే నమ్ముతారు. ఇంకోటి కూడా చెప్పండి, 1982 నాటి గాంధీ సినిమా హిందీలో చూస్తే అందులో గాంధీగారికి గొంతు ఈయనదే. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి నాకు ఆ సినిమా ఎప్పుడు చూసినా గాంధీగారు ఎక్కడ షటప్ అంటారో అని భయం.

ఇంక నా సంగతి. మేము అప్పుడు కాటన్‌పేటలో ఒక వఠారంలో ఉండేవాళ్ళం, ఏడు ఇళ్ళు, ఒక కొళాయి, ఒక టీవీ. టీవీ ఓనర్ వాళ్ళది, తలుపులున్న చెక్కపెట్టె, దానికి తాళం కూడా ఉండేది, తాళంచెవి ఓనరమ్మ మంగళసూత్రానికి వేలాడేది. మాది హిందూపురం నుంచి వచ్చిన కుటుంబం, పక్కింట్లో తమిళం, ఎదురింట్లో కన్నడం, హిందీ మాత్రం ఏ ఇంట్లోనూ లేదు. కథ ఎవరికీ అర్థమయ్యేది కాదు, కానీ సీరియల్ మాత్రం ఎవరూ వదిలేవాళ్ళు కాదు. మా అవ్వ ఐతే మొదటి ఐదు నిమిషాల్లోనే "సచ్చిపోయినోడు ఎవురురా?" అని అడిగేది, చివర్లో "సంపినోడు ఎవురురా?" అని అడిగేది, మధ్యలో మాత్రం గుడ్లప్పగించి చూసేది.

మరి ఏం చూసేవాళ్ళం అంటే క్యారెట్టే చూసేవాళ్ళం. అది మా పిల్లల లెక్క, క్యారెట్ నోటి దాకా పోయి ఆగిందంటే ఆయనకి ఏదో దొరికింది అని, కటుక్కుమని కొరికాడంటే హంతకుడు అక్కడే ఉన్నాడు అని. నిజంగా పంకజ్ కపూర్ అలా లెక్కపెట్టి నమిలాడా అంటే నాకు అనుమానమే, కానీ మాకు ఆ సీరియల్లో తర్జుమా అక్కర్లేని మాట అదొక్కటే. రామాయణం వచ్చినప్పుడు ఈ ఇబ్బంది లేదు, కథ ముందే తెలుసు కాబట్టి అవ్వే ఓనరమ్మకి చెప్పేది.

ఇంకో గొప్ప ఏంటంటే అది మా ఇంట్లో కూడా ఉండే వస్తువు. విక్రమ్ ఔర్ బేతాళ్ సీరియల్లో విక్రముడి కత్తి కావాలంటే మనం ఎక్కడ తెచ్చుకుంటాం, అట్ట కత్తిరించి అగరొత్తుల ప్యాకెట్‌లో వెండికాగితం అతికించాలి, రెండో దెబ్బకి వంగిపోతుంది. క్యారెట్ ఐతే సిటీ మార్కెట్ నుంచి అమ్మ సంచిలో తెచ్చేసేది, అచ్చం టీవీలో ఉన్నదే.

ఆ ఉత్సాహంలో నేనూ డిటెక్టివ్ అయ్యాను. వఠారంలో ఓనరమ్మ కాఫీ ఫిల్టర్ మూత పోయింది, మొదటి కేసు. నాన్న స్కూటర్ మీద పెట్టుకునే నల్లద్దాలు పెట్టుకుని, చొక్కా జేబులో క్యారెట్ పెట్టుకుని ఇంటింటికీ తిరిగాను, కిట్టీగా పక్కింటి అమ్మాయిని పెట్టుకున్నాను గానీ షటప్ అనగానే ఏడ్చుకుంటూ వెళ్ళిపోయింది. క్యారెట్ ఒకేసారి తినేస్తే అయిపోతుంది కదా, అందుకని రోజుకి రెండు కొరుకులు కొరికి మిగతాది ఇన్‌స్ట్రుమెంట్ బాక్సులో డివైడర్ పక్కన దాచేవాణ్ణి. నాలుగో రోజుకి అది ముసలాయన చిటికెనవేలులా ముడుచుకుపోయి, ఒక పక్క మెత్తబడి, ప్రొట్రాక్టర్‌కి అతుక్కుపోయింది. లెక్కల క్లాసులో బాక్సు తెరవగానే ముందు బెంచీ వాళ్ళందరూ వెనక్కి తిరిగారు.

ఈలోపు ఇంట్లో రామనవమికి కోసంబరి కోసం తెచ్చిన క్యారెట్లు తక్కువయ్యాయి. అవ్వ ఎవర్నీ ఏమీ అడగలేదు, నా చొక్కా ఉతకడానికి తీసి జేబు తిరగేసింది, లోపల పచ్చటి తోక ముక్క ఒకటి, "హిందీ రాకపోయినా దొంగను పట్టొచ్చు రా" అంది. ఫిల్టర్ మూత మాత్రం దొరకలేదు, ఓనరమ్మ చాలాకాలం చిన్న ప్లేటు మూసి డికాక్షన్ దించింది.

ప్రశ్న (జేపీ నగర్ నుంచి ఒక పాఠకురాలు): ఆ క్యారెట్ నారింజ రంగా, ఎరుపా? మావారు ఢిల్లీలో పెరిగారు, క్యారెట్ అంటే ఎర్రగానే ఉంటుంది, కరంచంద్‌దీ ఎరుపే అంటారు. పందెం కాశాం.

జవాబు: మీ ఆయన చెప్పే క్యారెట్ ఉన్నమాట నిజమే. ఉత్తరాదిలో చలికాలం వచ్చేది ఎర్రగా ఉంటుంది, టమాటాకి ఎరుపునిచ్చే లైకోపీనే దానికీ రంగు. మనకి ఊటీ నుంచి వచ్చేది నారింజ రంగు, దాన్లో బీటా కెరోటిన్ ఎక్కువ. నేను మొదటిసారి ఢిల్లీ వెళ్ళినప్పుడు బండి మీద ఆ ఎర్రవి చూసి ముల్లంగికి ఏమైంది అని అడిగాను.

ఇక పందెం సంగతి. మన దేశంలో రంగుల ప్రసారం 1982లోనే మొదలైంది గానీ మా వఠారంలో బ్లాక్ అండ్ వైటే, దానికి ముందు ఓనర్ గారు రంగుల ప్లాస్టిక్ షీటు ఒకటి బిగించారు, గుర్తుందా మీకు, పైన నీలం, మధ్యలో నారింజ, కింద పచ్చ. కాబట్టి కరంచంద్ నిలబడితే క్యారెట్ నీలం, కుర్చీలో కూర్చుంటే నారింజ, ఏదైనా వెతకడానికి కిందికి వంగితే పొట్లకాయ రంగు. కూర్చున్న సీన్లు ఎక్కువ కాబట్టి నా ఓటు మీకే. ఆయన్ని మాత్రం ఓడించకండి, ఆ ఎర్ర క్యారెట్లతోనే గాజర్ హల్వా కుదురుతుంది, పందెం డబ్బులు అటు ఖర్చుపెట్టండి.

ప్రశ్న (ఇందిరానగర్): క్యారెట్ తింటే కళ్ళజోడు పోతుందని మా అమ్మాయికి రోజూ తినిపిస్తున్నాను. నిజమేనా?

జవాబు: పోదండీ. విటమిన్ ఎ తక్కువై రేచీకటి వచ్చినవాళ్ళకి క్యారెట్ మేలు చేస్తుంది, సైటుకి చేసేదేం లేదు. ఈ కథకి ఊపు వచ్చింది రెండో ప్రపంచయుద్ధంలో. జాన్ కన్నింగ్‌హామ్ అనే బ్రిటిష్ పైలట్ చీకట్లో జర్మన్ విమానాల్ని కూలుస్తుంటే, ఆయన క్యారెట్లు బాగా తింటాడు, పిల్లికళ్ళు అని ప్రచారం చేశారు, అసలు సంగతి విమానంలో పెట్టిన రాడార్. అయినా అన్ని క్యారెట్లు నమిలిన కరంచందే అద్దాలు తియ్యలేదు కదా.

ప్రశ్న (మల్లేశ్వరం): వేరే దేశాల డిటెక్టివ్‌లకి ఇలాంటివి ఉన్నాయా?

జవాబు: అమెరికాలో 1973లో మొదలైన కోజాక్ అనే టీవీ సీరియల్లో డిటెక్టివ్‌కి లాలీపాప్. సిగరెట్లు తగ్గించుకోవడానికని అది పెట్టారు, చివరికి గుండు, లాలీపాప్, రెండే గుర్తుండిపోయాయి. నన్నడిగితే క్యారెట్టే మేలు, చప్పుడు వస్తుంది.

ప్రశ్న (మళ్ళీ జేపీ నగర్ పాఠకురాలే): పందెం మేమే గెలిచాం, థాంక్స్. ఆ ప్లాస్టిక్ షీటు ఇప్పుడు ఎక్కడుంది?

జవాబు: ఓనర్ వాళ్ళు కలర్ టీవీ కొన్నాక మా అమ్మ అడిగి తెచ్చి స్నానాలగది కిటికీకి మేకులు కొట్టించింది. పొద్దున ఎండ సూటిగా అటే పడేది. వఠారం ఖాళీ చేసేదాకా మా తాత నడుం పైన నీలంగా, కింద పచ్చగా స్నానం చేశారు.