అల్లుడూ, డీలరు కొట్లో ఒక రోజు కూర్చో

ఒరేయ్ అల్లుడూ,

డీలర్ల కోసం పోర్టల్ తయారుచేసే పని నీకు అప్పగించారని మీ అమ్మ చెప్పింది. ఇరవై ఏడేళ్లు బోరు మోటార్లు అమ్మించినవాణ్ణి (అమ్మినవాణ్ణి కాదు, అమ్మించినవాణ్ణి, ఆ తేడా ముందు పట్టుకో) కాబట్టి నాకు తెలిసింది చెప్తా.

కోడు రాయకముందు ఏప్రిల్లో ఒక రోజు మోటార్ల కొట్లో కూర్చో. ఎదురుగా కాలిపోయిన మోటారు పట్టుకుని రైతు, చెవి దగ్గర ఫోను, బయట పైపుల లోడు దింపుతున్న కుర్రాళ్లు. అంత హడావిడిలో డీలరు ఒంటిచేత్తో ఫోనులో నీ పేజీ తెరవాలి. పైగా ఆయన అమ్మేది నీ ఒక్క బ్రాండే కాదు, నాలుగు కంపెనీలవి, నాలుగు పాస్‌వర్డులు. పాస్‌వర్డు తీసేసి ఓటీపీ పెట్టు. ఎస్సెమ్మెస్ టెంప్లేట్లు డీఎల్‌టీలో (కంపెనీలు పంపే మెసేజీలని నమోదు చేసే టెలికాం వ్యవస్థ) ముందే రిజిస్టర్ చేయించు, లేకపోతే ప్రారంభం రోజున ఓటీపీ ఎవరికీ వెళ్లదు. గుమాస్తాకి వేరే లాగిన్ ఇవ్వు, ఆర్డరు పెట్టనివ్వు కానీ స్కీము (ఇన్ని మోటార్లు ఎత్తితే ఇంత వెనక్కిస్తామని కంపెనీ ఇచ్చే మాట) లెక్క కనపడనివ్వకు. తనకెంత మిగులుతుందో గుమాస్తాకి తెలియడం ఏ ఓనరుకీ ఇష్టం ఉండదు.

డీలరు అడిగేవి మూడే: నా బాకీ ఎంత, నా లోడు ఎక్కడుంది, స్కీము డబ్బులు ఎప్పుడు. మొదటి రెండూ సులువే, లెడ్జరు, లారీ నంబరు, ఎల్ఆర్ (లారీ రసీదు) కాపీ చూపిస్తే చాలు. గొడవంతా మూడోదాంతోనే. మూడు నెలల్లో వంద మోటార్లు ఎత్తమంటాం, ఆయన గోడౌను నింపుకుంటాడు, ఎప్పటికో ఒక క్రెడిట్ నోటు (ఆయన బాకీలో ఇంత తగ్గించామనే కాగితం) వస్తుంది, అందులో మొత్తం తప్ప లెక్క ఉండదు. ఏ బిల్లులు కలిపారు, వెనక్కిచ్చిన ఏ సరుకు తీసేశారు, పై శ్లాబుకి ఇంకా ఎన్ని మోటార్లు కావాలి, ఇది రోజూ కనపడాలి. నువ్వు చేసే పనిలో అసలు విలువ ఇక్కడే ఉంది, మిగతాదంతా అలంకారం.

జీఎస్టీ సంగతి కూడా చూసుకో. నెలనెలా 14న జీఎస్టీఆర్-2బి (డీలరు కొన్న సరుకు బిల్లుల పట్టీ) తయారవుతుంది, మన బిల్లు అందులో లేకపోతే డీలరు ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నుకి వచ్చే తగ్గింపు) ఆగిపోతుంది, ఆడిటరు ఆయన్ని, ఆయన మనల్ని వాయిస్తారు. బిల్లులు, క్రెడిట్ నోట్లు ఎప్పుడంటే అప్పుడు డౌన్‌లోడ్ అయ్యేలా ఉంచు.

ఇక నాకు తగిలిన దెబ్బ చెప్తా. నేను పనిచేసిన ఒక కంపెనీలో వారంటీ నమోదుకి రైతు ఫోన్ నంబరు తప్పనిసరి చేశారు. బాగానే ఉందనుకున్నాం. కొన్నాళ్లకి హెడ్డాఫీసు టెలీకాలర్లు ఆ నంబర్లకే ఫోన్ చేసి స్టార్టర్లు అమ్మడం మొదలెట్టారు. నల్గొండ వైపు డీలరు ఒకాయన నాకు ఫోన్ చేసి, "నేను పరిచయం చేసిన రైతుని మీరు నాకే కాకుండా చేస్తారా" అన్నాడు. ఆ నెల నుంచి ఆయన వారంటీలన్నిటికీ ఒకటే నంబరు, పది తొమ్మిదులు! తప్పు ఆయనది కాదు. అందుకని కస్టమరు నంబరు సర్వీసుకి తప్ప దేనికీ వాడబోమని మీ పెద్దవాళ్లతో ముందే కాగితం మీద రాయించు. వెబ్‌సైట్లో ఎవరైనా మోటారు కావాలని అడిగితే ఆ మండలం డీలరుకే పంపు, పంపినట్టు ఆయనకి కనపడాలి.

వచ్చే నెల హైదరాబాద్ వస్తే రాణీగంజ్‌లో నా పాత డీలరు దగ్గర కూర్చోబెడతా. ముందు టీ ఇప్పిస్తాడు, తర్వాత కంపెనీలన్నిటినీ తిడతాడు. నోట్‌బుక్ తెచ్చుకో.

మీ మామయ్య